పున్నమి మర్నాటి ఇసుక

మేన్ ఎనిమిదోసారి పడింది. పన్నెండో నెల పున్నమి మర్నాడు, ఇంకా పూర్తిగా వెలుగు రాకముందు, సమాధుల మలుపులో.

పడబోతున్నానని ఆమెకు ముందే తెలిసింది. సిమెంటు బాట మీద చక్రానికి ఒక చప్పుడుంటుంది, సన్నగా, ఆగకుండా. ఆ చప్పుడు తెగిపోయి "సర్" మని ఇంకొకటి వినిపిస్తే కింద ఇసుక ఉన్నట్టు. ఇసుక మందంగా ఉంటే భయం లేదు, చక్రం దిగబడి ఆగిపోతుంది, కాలు ఆనించుకోవచ్చు. ముగ్గు చల్లినట్టు పలచగా, పొడిగా ఉన్నదే మనిషిని తీసేస్తుంది. దాని మీద బ్రేకు పట్టకూడదు, హ్యాండిలు తిప్పకూడదు. ఇదంతా మేన్‌కి తొమ్మిదేళ్ళుగా తెలుసు. చేతికి మాత్రం తెలియదు. చప్పుడు మారగానే చెయ్యి బ్రేకు పట్టింది. ముందు చక్రం తన దారిన తాను పోయింది.

రెండు గంపల కానాగంతలూ బాట నిండా చెల్లాచెదురయ్యాయి. ఒక్కొక్క చేపకూ రెండు పక్కలా ఇసుక పట్టి, వేయించడానికి పిండి అద్దినట్టు తయారైంది.

పది గజాల వెనక వస్తున్న బూప్ సైకిలు దిగి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! మళ్ళీనా?"

"లేదే, కాసేపు పడుకుందామని దిగాను. చెయ్యి ఇయ్యి ముందు."

"ఆ చెయ్యి వద్దు, ఈ చెయ్యి. ఆ చెయ్యి ఇప్పటికి రెండుసార్లు విరిగింది కదా."

"దాని మీదే పడ్డాను."

బూప్ నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది సిగ్గు కాదు. ఆమెకు పై వరసలో ముందు పన్ను లేదు. రెండేళ్ళ కిందట ఇదే మలుపులో, ఇలాగే తెల్లవారుజామున, మేన్ వెనకే వస్తూ జారి, హ్యాండిలుకి మూతి కొట్టుకుంది. పన్ను కోసం ఇద్దరూ చాలాసేపు ఇసుకలో వెతికారు. దొరకలేదు. అది కూడా పున్నమి మర్నాడే. కాకపోతే ఆ లెక్క అప్పుడెవరికీ తట్టలేదు.

*

హా తాన్‌లో సముద్రం ఒక పక్క, సంత ఒక పక్క. మధ్యలో నాలుగు కిలోమీటర్లు తెల్లటి ఇసుక దిబ్బలు. క్వాంగ్ చీ తీరమంతా అంతే. పడవలు ఒడ్డుకు రాగానే చేపలు తీసుకుని దిబ్బలు దాటి, ఎండెక్కకముందే కాలువ గట్టున సంతలో కూర్చోవాలి. మేన్ వాళ్ళమ్మ నలభై ఏళ్ళు ఆ ఇసుకను కావడితో, వట్టి కాళ్ళతో దాటింది. కుడి భుజం మీద కోడిగుడ్డంత కాయ కాచింది. మేన్‌కి పన్నెండో ఏట ఇంకో కావడి ఇచ్చి వెనక నడవమంది. ఇరవై నాలుగేళ్ళు మేన్ అలా నడిచింది. ఇసుక కాళ్ళు కాల్చింది, పిక్కలు లాగేసింది. కానీ ఒక్కసారి కూడా పడలేదు. ఇసుకలో నడిచేవాళ్ళు పడరు. పడినా ఇసుకలోనే పడతారు.

తరవాత బాట వచ్చింది. గజంన్నర వెడల్పు, సిమెంటుది. సిమెంటు ప్రభుత్వం ఇచ్చింది. ఇసుక ఊరు ఇచ్చింది, దానికి కరువు లేదు కాబట్టి. పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ఎర్ర రిబ్బను కత్తిరించి, ఇకమీద మీ ఆడవాళ్ళ పాదాలు కాలవని చెప్పాడు. బాట మొదట్లో ఒక రాతి పలక పాతారు. దాని మీద పొడవు, వెడల్పు, తేదీ అన్నీ చెక్కించారు. దిబ్బల మధ్య బాట వేస్తే దాని మీద ఇసుక చేరుతుందని, దాన్ని ఎవరో ఒకరు తియ్యాలని ఎవరికీ తోచలేదు. పలక ఇచ్చారు, చీపురు ఇవ్వలేదు.

అయినా ఆ బాట వచ్చినప్పుడు మేన్ ఎంత సంబరపడిందో ఊరంతా చూసింది. ముప్పై ఆరేళ్ళ మనిషి ఒక పాత సైకిలు కొనుక్కొచ్చి పెరట్లో నేర్చుకుంది. మోకాళ్ళు చెక్కుకుపోయినా మానలేదు. వెనక చక్రానికి రెండు పక్కలా వెదురు గంపలు కట్టించింది. గంట నడక పావుగంట అయింది. గాలికి ఆకు టోపీ వెనక్కి ఎగురుతుంటే, దిబ్బ మీంచి పల్లానికి జారుతుంటే, భుజం మీద బరువు లేకుండా బతకొచ్చని ఆమెకు మొదటిసారి తెలిసింది. వాళ్ళమ్మ కూడా చూసి, "మా కాలంలో లేకపోయిందే ఇది" అంది. ఆ ఏడాదే పోయింది.

ఆ తల్లికి కొడుకులు లేరు, మేన్ ఒక్కతే కూతురు. సమాధుల మలుపు దగ్గర, బాటకు ఎడమవైపు పల్లంలో ఆమె సమాధి. హా తాన్‌లో సమాధి అంటే ఇసుక కుప్పే, చుట్టూ రాళ్ళు. డబ్బున్నవాళ్ళు సిమెంటు కట్టించుకుంటారు. లేనివాళ్ళ కుప్పను గాలి తింటూ ఉంటుంది. పల్లంలో ఉన్నదాన్ని ఇంకా త్వరగా తింటుంది. కొడుకులున్నవాళ్ళు ఏడాదికోసారి, పన్నెండో నెలలో ఊరంతా సమాధులకు కొత్త ఇసుక పోసే రోజున పోస్తారు, అది సరిపోతుంది. మేన్ తల్లి సమాధికి సరిపోలేదు. ఆరు నెలలు తిరిగేసరికి రాళ్ళు తేలాయి. అప్పటినుంచి మేన్ నెలకు రెండుసార్లు, నెల మొదటి రోజున, పున్నమి రోజున, సముద్రం వైపు శుభ్రమైన దిబ్బ నుంచి రెండు గంపల ఇసుక తెచ్చి తల్లి మీద పోస్తుంది. ఆ రెండు రోజులూ ఊళ్ళోవాళ్ళంతా కూరగాయలే తింటారు, చేపలు కొనేవాళ్ళుండరు. అందుకని ఆ రోజుల్లో ఆమెకు సంత లేదు, సైకిలు ఖాళీ.

ఆ పనికి ఊళ్ళో ఒక పద్ధతుంది. పోయినవాళ్ళకు ఇసుక తెచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే వాళ్ళు దారి తప్పుతారు. పోసిన తరవాత తెచ్చిన దారిన పోకూడదు, సరుగుడు తోపు చుట్టూ తిరిగి ఇంటికి చేరాలి. మేన్ ఇవన్నీ తు.చ. తప్పకుండా చేసేది.

*

కట్టు కట్టే వైద్యుడు ఆమె మణికట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈసారికి విరగలేదు, బెణికింది. నీ అదృష్టం. ఇంకోసారి దీని మీద పడ్డావంటే నా దగ్గరికి రాకు. అతకడానికి అందులో ఏమీ మిగల్లేదు."

ఆ మాట విన్నప్పటినుంచి ఆమె భర్త లాన్ ముఖం నల్లబడింది. వలలు బాగుచేసుకుంటూ బతికే నెమ్మదస్థుడు, గట్టిగా మాట్లాడడం రాదు. సాయంత్రం జావ తాగుతూ తల వంచుకునే అన్నాడు.

"ముసలీ, కొత్తేడాది టెట్ పండగ అయ్యాక నీ సంత మా థామ్‌కి ఇచ్చెయ్. అది మోటారు బండి మీద పోతుంది. మోటారు బండికి ఇసుక లెక్కలేదు."

థామ్ అతని చెల్లెలు.

"నా సైకిలో?"

"ఎవరికైనా అమ్మేద్దాం."

"నేనేం చెయ్యాలి? ఇంట్లో కూర్చుని నీ వలల్లో ముడులు లెక్కపెట్టాలా?"

"చెయ్యి ఉంటే లెక్కపెడతావు. లేకపోతే అదీ లేదు."

"పడడం నా తప్పంటావా?"

"నీ తప్పని నేననలేదే. పడుతున్నావు అంటున్నాను, అంతే. సమాధులకు ఇసుక పోసే రోజున అందరూ ఉంటారు, ఆ రోజే థామ్‌తో మాట్లాడేద్దాం."

అంటే నాలుగు రోజులుంది.

మేన్‌కి నిద్ర పట్టలేదు. ఎనిమిదిసార్లు పడింది, ఎనిమిదిసార్లూ దాదాపు ఆ ఒక్క చోటే. అక్కడ బాట దిబ్బ మీంచి దిగి, పల్లంలో మలుపు తిరిగి, మళ్ళీ ఎత్తుకు ఎక్కుతుంది. దిగిన వేగంతోనే ఎక్కాలి. దిగి నడిపించవచ్చు కదా అంటారు సైకిలు తొక్కనివాళ్ళు. నలభై కిలోల చేపలతో అక్కడ ఒకసారి ఆగితే, ఆ ఎత్తు తోసేసరికి మంచు కరిగిపోతుంది, సంత సగం అయిపోతుంది. మిగతా నాలుగు కిలోమీటర్లలో గాలి తెచ్చిన ఇసుక అక్కడక్కడా ఉంటుంది, కనిపిస్తుంది, తప్పుకోవచ్చు. ఈ మలుపులోదే తప్పుకోవడానికి వీల్లేకుండా పరుచుకుని ఉంటుంది. అది ఒక్కటి తీసేస్తే సైకిలు తనదే. సంతా తనదే.

మర్నాడు పొద్దున్నే చేతికి గుడ్డ కట్టుకుని ఊరి పెద్ద ఫియెత్ ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద టీ తాగుతున్నాడు.

"బాబాయ్, ఆ మలుపులో ఇసుక తీయించండి."

"ఏ ఇసుక?"

"ఎన్ని ఇసుకలున్నాయి బాబాయ్? నేను పడేది."

"అది కాదమ్మా. గాలికి వచ్చిందా, మనిషి పోశాడా? గాలిదైతే అడవి శాఖ వాళ్ళకి చెప్పాలి. సరుగుడు చెట్లు వేసింది ఇసుక ఆపడానికే కదా. బాట నాది, ఇసుక వాళ్ళది."

"వాళ్ళనడిగాను పోయినేడు. తోపు దాటాక ఇసుక మాది కాదన్నారు."

"చూశావా మరి."

"ఏం చూడాలి?"

"ఎవరిదీ కాదని తేలింది కదా" అన్నాడు ఫియెత్, ఏదో పని పూర్తయినట్టు. టీ ఇంకో గుక్క తాగాడు. "అయినా మేన్, అందరూ పోతున్నారు ఆ బాట మీద. అందరూ పడట్లేదు."

"బూప్ పన్ను ఎక్కడ పోయింది?"

"బూప్ నీ వెనక వచ్చింది."

మేన్ అక్కడినుంచి లేచి నేరుగా త్రాక్ తాత దగ్గరికి పోయింది. సమాధుల పని, పూజల పని ఊళ్ళో ఆయనదే. ఎనభై రెండేళ్ళు. చెవి సరిగా వినిపించదు, కానీ తనకు కావలసినవి వినిపిస్తాయి.

"తాతా, ఆ మలుపులో ఇసుక నేనే ఊడ్చేస్తాను. ఒక్క చేత్తోనైనా సరే."

"ఊడవకూడదు."

"ఎందుకూ?"

"అది సమాధుల ఇసుకో కాదో నీకు తెలుసా? పోయినవాళ్ళకని ఎత్తిన ఇసుక దారిలో ఒలికినా అది వాళ్ళదే. ఎవరు ఒలికించారో వాళ్ళే ఎత్తి, తీసుకెళ్ళి సమాధి మీద పోయాలి. ఇంకొకళ్ళు చీపురు పెడితే పోయినవాళ్ళ ఇల్లు ఊడ్చినట్టే."

"ఎవరు ఒలికించారు మరి?"

"ఒలికించినవాళ్ళు చెప్పాలి."

"తొమ్మిదేళ్ళుగా ఎవరైనా చెప్పారా?"

"ఎలా చెబుతారమ్మా! ఇసుక తెచ్చేవాళ్ళు వెనక్కి చూడకూడదు కదా."

ఆయన చాలా తేలిగ్గా అన్నాడు. మేన్‌కి ఒళ్ళు మండిపోయింది. బాట ఒకడిది, ఇసుక ఒకడిది, చీపురు పట్టే హక్కు ఇంకొకడిది. పడడం ఒక్కటే తనది. ఇంటికి వస్తూ దారి పొడుగునా తిట్టుకుంది. ఎవడో ఒళ్ళు వంచలేని వెధవ చిరిగిన సంచీలో ఇసుక మోసుకుపోతూ, తల్లికో తండ్రికో ఏదో చేసేశానని మురిసిపోతూ, బతికున్నవాళ్ళ ఎముకలు విరగ్గొడుతున్నాడు. వాడెవడో దొరికితే వాడి సంచీ వాడి నెత్తిన బోర్లించాలి.

*

పోసే రోజు వచ్చింది. తుంపర జల్లులు ఆగి రెండు రోజులైంది. ఉత్తరపు గాలికి ఇసుక పైపైన ఆరింది. ఊరంతా సంచీలతో, చేటలతో, చక్రాల బళ్ళతో దిబ్బల మీద ఉంది. మేన్ మలుపు దగ్గర రాయి మీద కూర్చుని, వచ్చేపోయే ప్రతివాడి సంచీ మూతి చూసి చూసి అరుస్తోంది.

"ఏయ్ లోక్, సంచీ సరిగ్గా కట్టావా?"

"కట్టానత్తా."

"అడుగున చూపించు."

"వెనక్కి తిరగకూడదత్తా, నువ్వే వచ్చి చూసుకో!"

అందరూ నవ్వుతున్నారు. పొద్దుటినుంచి ఆమె చేత తిట్లు తినని ఇల్లు లేదు. ఎవరి సంచీ కారలేదు. అది ఆమెకు మరీ కోపం తెప్పించింది. ఈ రోజు చూస్తున్నారని జాగ్రత్తగా మోస్తున్నారు దొంగలు అనుకుంది.

మధ్యాహ్నానికి బూప్ వచ్చింది.

"అరిచింది చాలు, లే. మీ అమ్మకు పొయ్యొద్దా?"

"ఈ చేత్తో ఎలా పోస్తాను?"

"నీ సైకిలు తెచ్చాను. గంపలు నింపాను. నేను తోస్తాను, నువ్వు వెంట రా. మీ అమ్మ చచ్చాక కూడా నీ చేత మోయించుకుంటోంది, ఒక్కసారికి నేను మోస్తే ఏం పోతుందిలే."

బూప్ హ్యాండిలు పట్టుకుని, నడుము వంచి, మడమలతో నిలవరించుకుంటూ దిబ్బ మీంచి దింపడం మొదలుపెట్టింది. మేన్ నాలుగడుగులు వెనక నడిచింది.

తొమ్మిదేళ్ళలో మేన్ తన సైకిలు వెనక నడవడం అదే మొదటిసారి.

గంపలు నిండుగా ఉన్నాయి. లోపలి ఇసుక తడిగా, ముద్దగా ఉంది. సగం దారి వరకూ ఏమీ లేదు. పల్లంలో, రెండు సిమెంటు పలకలు కలిసే చోట బాట కొంచెం లేచి ఉంటుంది. అక్కడ వెనక చక్రం దడేలుమంది. దడేలుమన్న చోటినుంచి, కుడి గంప అడుగున ఒకటి, ఎడమ గంప అడుగున ఒకటి, రెండు సన్నటి ధారలు మొదలయ్యాయి. చేపల గంపలు. ఉప్పునీళ్ళు కారిపోవడానికని అడుగు వదులుగా అల్లించిన గంపలు. ఆ అల్లిక ఎలా ఉండాలో గంపలవాడి పక్కన కూర్చుని మరీ చెప్పింది తనే.

రెండు గీతలు మలుపు పొడుగునా పడ్డాయి. ఎక్కడా తెగలేదు. వెనక వస్తున్న బండివాళ్ళ కాళ్ళు వాటిని చెరిపి బాటంతా పరిచాయి. రేపు పొద్దుటికి ఆరి, పొడి పొడిగా ఎలా ఉంటుందో మేన్‌కి బాగా తెలుసు.

"ఏంటక్కా, ఊపిరి వినిపించట్లేదు. వస్తున్నావా?" అంది బూప్, ముందుకే చూస్తూ.

"వస్తున్నాను."

"తిట్టడం ఆపేశావేంటని."

మేన్ కళ్ళు ఆ గీతల మీదే ఉన్నాయి. పున్నమి మర్నాడు. నెల రెండో రోజు. తను పడ్డ రోజులన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. మొదటిసారి మోచెయ్యి. తరవాత మోకాలు. మణికట్టు, మళ్ళీ మణికట్టు. బూప్ పన్ను. అన్నీ తను తల్లికి ఇసుక పోసిన మర్నాళ్ళే. పోసి, పద్ధతి ప్రకారం వెనక్కి చూడకుండా, తోపు చుట్టూ తిరిగి ఇంటికి పోయి, కూరగాయల భోజనం చేసి, ఏదో మంచి పని చేశానని పడుకుని, తెల్లవారి లేచి ఆ ఇసుక మీదే పడింది.

తల్లి మీద కోపం వచ్చింది. చచ్చినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదని తెలిసినా వచ్చింది. తరవాత తన మీద వచ్చింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అది కూడా తోచింది.

*

సమాధుల మధ్య చాపలు పరిచి అందరూ భోజనాలకు కూర్చున్నారు. జిగురు బియ్యపు అన్నం, ఉడికించిన పంది మాంసం, ఉల్లికాడల ఊరగాయ. లాన్ గొంతు సవరించుకున్నాడు. థామ్ వదిన వైపు చూడలేక అన్నం వైపు చూస్తోంది.

"థామ్, పండగ అయ్యాక మీ వదిన సంత..."

"ఆగు" అంది మేన్.

"మళ్ళీ ఏంటి ముసలీ, అనుకున్నాం కదా."

"ఆ మలుపులో ఇసుక ఎవరు ఒలికిస్తున్నారో తెలిసింది."

ఫియెత్ చేతిలో గిన్నె కింద పెట్టాడు. తమ సంచీ కాదు కదా అని ఒకరిద్దరు చూపులు తిప్పుకున్నారు.

"ఎవరు?" అన్నాడు త్రాక్ తాత. ఆ మాట ఆయనకు స్పష్టంగానే వినిపించింది.

"నేను."

ఆమె గంపల సంగతి చెప్పింది. తక్కువ మాటల్లో, ఎవరి ముఖమూ చూడకుండా. తరవాత ఎవరో ఫక్కున నవ్వారు. అంతే, పది చాపలూ నవ్వాయి. లోక్‌కి అన్నం ముక్కులోకి పోయి దగ్గు వచ్చింది.

"పొద్దుటినుంచి నా సంచీ అడుగు చూపించమంది!"

"మా మామగారి సమాధిని కూడా వదల్లేదు, దొంగ కుప్ప అంది!"

"అంటే మేన్, ఇకమీద నా అరుగు ఎక్కవన్నమాట" అన్నాడు ఫియెత్. ఆయన సంతోషం ఆయన దాచుకోలేదు.

బూప్ మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి మేన్ ముందు కూర్చుని, పై పెదవి రెండు వేళ్ళతో ఎత్తి సందు చూపించింది.

"ఇదీ నీదేనా?"

"నాదే."

"రెండేళ్ళు నాకు అప్పాలు మెత్తగా నలిపి పెట్టావు కదే! ఎవడో పాపిష్టివాడని నాతోపాటు తిట్టావు!"

"తిట్టాను. గట్టిగానే తిట్టాను."

"సరిపోయింది పో" అని బూప్ పెదవి వదిలేసింది. కోపమో నవ్వో తెలియని ముఖం పెట్టింది. "నా పన్ను ఆ ఇసుకలోనే ఉంది. ఊడ్చినప్పుడు దొరికితే తెచ్చియ్యి."

మేన్ అప్పుడు తాత వైపు తిరిగింది. నవ్వులకు చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఒలికించినవాళ్ళే ఎత్తాలన్నారు తాతా. ఒలికించింది నేను. నేను ఊడుస్తాను. మీ మాటే."

తాత ముఖం ముడుచుకున్నాడు. తన మాట తనకే అడ్డం తిరిగితే పెద్దవాళ్ళకు నచ్చదు.

"ఒక్క గింజ కూడా పక్కకు పారెయ్యకూడదు. అంతా మీ అమ్మ మీదికే పోవాలి."

"పోతుంది."

"మరి సైకిలు?" అంది థామ్ మెల్లగా.

లాన్ భార్య చేతి గుడ్డ వైపు చూశాడు. నలుగురిలో నవ్వులపాలై కూడా ఆ మనిషి తల దించుకోలేదు.

"ఒక్క పున్నమి చూద్దాం" అన్నాడు. "ఆ మర్నాడు పడకుండా సంతకు పోయి రా. పడ్డావా, ఇంక మాటల్లేవు."

*

టెట్ పండగ గడిచింది. మేన్ పండగ ముందు మూడు పొద్దులు వంగి వంగి మలుపంతా ఊడ్చింది, చేటతో ఎత్తి తల్లి మీద పోసింది. తొమ్మిదేళ్ళ ఇసుక కదా, పలకల సందుల్లోంచి కూడా వచ్చింది. దారిన పోయేవాళ్ళు ప్రతివాడూ ఏదో ఒకటి అన్నారు. బూప్ పన్ను దొరకలేదు.

కొత్త ఏడాది మొదటి పున్నమి రోజున ఆమె రెండు సిమెంటు సంచీలు ఉతికి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఇసుక నింపి, మూతి తాడుతో బిగించి సైకిలుకు కట్టింది. అయినా నమ్మకం లేదు. వెనక్కి చూడకూడదు. కారుతోందో లేదో తెలియాలంటే చూడాలి. తొమ్మిదేళ్ళు మంచిదని పాటించిన పద్ధతి ఇప్పుడు మెడ మీద చెయ్యి వేసి పట్టుకున్నట్టుంది. చివరికి బూప్‌ని బతిమాలి వెనక నడిపించుకుంది.

"పడుతోందా?"

"లేదు."

"పలకల దగ్గర సరిగ్గా చూడు."

"నోరు మూసుకుని నడు. గింజ పడలేదు. మీ అమ్మ కూడా ఇంత సతాయించేది కాదు."

మర్నాడు తెల్లవారుజామున ఇద్దరూ సంతకు బయలుదేరారు. గంపల్లో కవళ్ళ చేపలు, మీద మంచు. ఇంటి గుమ్మంలో లాన్ నిలబడి, ఆమె చెయ్యి వైపే చూశాడు. ఊరి చివర వరకూ ఆ చూపు వీపు మీద ఉన్నట్టే ఉంది.

దిబ్బ ఎక్కాక గాలి తగిలింది. బాట కిందికి దిగింది. చక్రం చప్పుడు సన్నగా, ఆగకుండా వస్తోంది. మేన్ రెండు చెవులూ ఆ చప్పుడు మీదే పెట్టింది. పల్లం. పలకల కలయిక. దడేల్. మలుపు. చప్పుడు మారలేదు. బాట బూడిదరంగులో, నున్నగా, కడిగినట్టు ఉంది. ఈ బాటను ఆమె ఇలా ఎప్పుడూ చూడలేదు.

అయినా చెయ్యి బ్రేకు పట్టింది.

ఇసుక లేదు కాబట్టి సైకిలు జారలేదు. ఉన్నచోట ఠక్కున నిలిచిపోయింది. మేన్ ముందుకు తూలి, రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, నలభై కిలోల బరువు ఒక పక్కకు ఒరుగుతుంటే తుంటి ఆనించి ఆపింది. పడలేదు. కానీ వేగం పోయింది. ఎదర ఎత్తంతా ఉంది.

బూప్ గంట మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోయింది.

"ఇసుక లేకపోయినా ఆగుతావేంటే!"

"నువ్వు పోవే! వెనక్కి చూడకు!"

"చేపలకి ఆ పద్ధతి లేదు!" అంటూ బూప్ వెనక్కి చూసి మరీ నవ్వింది, ఆ సందు కనిపించేలా.

మేన్ హ్యాండిలు పట్టుకుని తోయడం మొదలుపెట్టింది. బెణికిన చెయ్యి సలిపింది. తొమ్మిదేళ్ళు ఇసుకను తిట్టింది, ఊరిని తిట్టింది, తనను తిట్టుకుంది. ఇప్పుడు ఈ చెయ్యి మిగిలింది. దీనికి ఎవరు చెప్పాలి, ఎన్ని పున్నములు చెప్పాలి? ప్రతి అడుగుకూ ఒక తిట్టు చొప్పున తిట్టుకుంటూ ఎత్తంతా ఎక్కింది. పైకి వచ్చేసరికి ఆకు టోపీ తాడు మెడకు కోసుకుపోయింది. తూర్పున వెలుగు వచ్చేసింది. సంతలో మంచి బేరాలు ఈపాటికి అయిపోయి ఉంటాయి.

ఊపిరి తీసుకోవడానికి ఆగి వెనక్కి తిరిగి చూసింది. మలుపు పొడుగునా రెండు గీతలు. మళ్ళీ ఇసుకే అనుకుంది. తరవాత చూస్తే అవి తడి గీతలు. కవళ్ళ మీది ఉప్పునీళ్ళు, రెండు గంపల అడుగుల్లోంచి కారి, ఆమె నిలబడ్డ చోటి దాకా వచ్చాయి. కారడానికే అల్లించింది కదా.

"కారండి" అని ఆ నీళ్ళకు చెప్పి సైకిలు ఎక్కింది.